నా పన్ను, నా సంతకం

ఆదాయపు పన్ను కట్టి సంబరపడ్డ మనిషిని మీరెప్పుడూ చూసి ఉండకపోతే నన్ను చూడండి. ఆ రోజు అబిడ్స్‌లో బ్యాంకు మెట్లు దిగుతుంటే నాకు పరీక్ష ప్యాసైనంత ఆనందంగా ఉంది. డబ్బు పోయిందన్న బాధ ఏ మూలా లేదు.

నాకు పుట్టుకతోనే చూపు లేదు. లక్డీకాపూల్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరి, అక్కడే రిటైరయ్యాను. ఆ భవనంలో ఏ గదికి ఏ నంబరో, ఏ అధికారి గొంతు ఎలా ఉంటుందో, ఎవరు సీట్లో ఉండి కూడా లేరని చెప్పమంటారో అన్నీ నాకు తెలుసు. పెళ్లి చేసుకోలేదు. నాంపల్లిలో, స్టేషన్‌లో రైలు కూత వినపడేంత దగ్గరలో, మా చెల్లెలి ఇంట్లో కింది వాటాలో ఉంటాను. నెలనెలా కిరాయి ఇస్తాను. వద్దంటే ఊరుకోను.

రిటైరయ్యాక ఖాళీగా కూర్చోలేదు. ప్రైవేటు ఆసుపత్రులవాళ్లు, కాల్‌సెంటర్లవాళ్లు కొత్తగా చేరిన పిల్లలకి ఫోన్లో ఎలా మాట్లాడాలో నేర్పమని నన్ను పిలవడం మొదలుపెట్టారు. కోపంగా ఉన్నవాడితో గొంతు ఎంత తగ్గించాలి, పేరు సరిగ్గా వినపడకపోతే రెండోసారి ఎలా అడగాలి, ఇలాంటివి. మంచి ఫీజే ఇస్తారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పన్ను సంగతి నాకు తెలియకుండానే జరిగిపోయేది. జీతంలోంచే కోసుకునేవారు. ఇప్పుడు పెన్షను, డిపాజిట్ల వడ్డీ, ఈ ఫీజులు కలిసేసరికి, ఎవరూ కోసుకోని పన్ను కొంత మిగిలిపోయింది. అది నేను కట్టాలి.

మా చెల్లెలి భర్త, అంటే మా మరిది, చాలా మంచివాడు. నా బ్యాంకు పనులు, కరెంటు బిల్లు, పన్ను కాగితాలు అన్నీ ఆయనే చూసేవాడు. నా పాస్‌వర్డులన్నీ ఆయనకి కంఠతా వచ్చు. నాకు రావు. ఆ విడ్డూరం నాకు చాలాకాలం తట్టలేదు. ఆడిటర్ ఆఫీసులో కూర్చున్న రోజున తట్టింది.

ఆ ఆఫీసు అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక ఒక పాత బిల్డింగులో, మేడ మీద. పైన ఫ్యాను కిర్రు కిర్రుమంటోంది. ఆడిటర్ నా కాగితాలు తిప్పుతూ, "మేడంకి ఈసారి కొంచెం పన్ను కట్టాల్సి వస్తుందండీ," అన్నాడు. ఆ గొంతు నా వైపు రాలేదు. నా ఎడం పక్కన కూర్చున్న మా మరిది వైపు వెళ్లింది. "ఆమెకి ఇవి కాక వేరే ఆదాయం ఏమైనా ఉందా?"

మా మరిది నా వైపు తిరిగాడు. "వదినా, వేరే ఆదాయం ఏమైనా ఉందా అంటున్నారు."

ఇద్దరూ తెలుగులోనే మాట్లాడుతున్నారు. నా చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ వాటి మీదే బతికాను.

"ఆమె ఇక్కడే ఉంది," అన్నాను. "ఆమెనే అడగండి."

ఆడిటర్ కుర్చీ జరిపాడు. ఈసారి గొంతు తిన్నగా నా మొహం మీదికి వచ్చింది. "సారీ మేడం. అలవాటులో పొరపాటు."

"ఫరవాలేదు. పన్ను ఎలా కట్టచ్చో నాకు చెప్పండి. ఎన్ని దారులుంటే అన్నీ చెప్పండి."

పాపం, ఓపికగా చెప్పాడు. పన్నుల శాఖవాళ్ల వెబ్‌సైటు తెరిచి, నా పాన్ నంబరు, ఫోన్ నంబరు కొట్టాలి. ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. ఏ సంవత్సరానికి కడుతున్నామో, ఏ రకం పన్నో ఎంచుకోవాలి. ఏడాది గడిచాక లెక్క చూసుకుని మనంతట మనం కట్టేది ఒక రకం, ఏడాది నడుస్తుండగానే ముందుగా కట్టేది ఇంకో రకం. నాది మొదటిది. తర్వాత డబ్బు పంపే పద్ధతి. నెట్‌బ్యాంకింగ్, డెబిట్ కార్డు, యూపీఐ, లేదా వాళ్లిచ్చే కాగితంతో మన బ్యాంకు నుంచి పంపించడం. ఇవేవీ వద్దనుకుంటే చలానా ప్రింటు తీసుకుని, చెక్కుతో బ్యాంకు కౌంటర్లో కట్టడం.

"ఏ దారిలో కట్టినా ముందు చలానా తయారుకావాలి మేడం. అది లేకుండా బ్యాంకుకి వెళ్తే తిప్పి పంపిస్తారు. కట్టాక రసీదు నాకివ్వండి, రిటర్ను వేసేస్తాను."

మెట్లు దిగుతుంటే మా మరిది చెయ్యి చాచిన అలికిడైంది. "ఫోన్ ఇటివ్వండి వదినా. ఇంటికెళ్లగానే కట్టేస్తాను."

"ఈసారి నేను కడతాను."

"మీరా? ఎందుకండీ శ్రమ?"

"నాది కదా, అందుకు."

ఆయన వెళ్లి స్కూటర్ స్టార్టు చేశాడు.

సాయంత్రం నా మంచం మీద కూర్చుని మొదలుపెట్టాను. నా ఫోన్ తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపిస్తుంది. వేలు ఎక్కడ పెడితే అక్కడున్న మాట చెబుతుంది, రెండుసార్లు తడితే ఆ పని చేస్తుంది. వెబ్‌సైటు వరకు హాయిగా సాగింది. పాన్ కొట్టాను. ఓటీపీ వచ్చింది, కొట్టాను. సంవత్సరం, రకం, మొత్తం అన్నీ ఫోన్ చదువుతుంటే నేను సరిచూసుకుంటూ వెళ్లాను. నా బడి రోజుల్లో బ్రెయిలీ లెక్కలు చేసినంత సరదాగా అనిపించింది.

నెట్‌బ్యాంకింగ్ నొక్కాక మా బ్యాంకు పేజీ వచ్చింది. పాస్‌వర్డ్ మా మరిదిని ముందే అడిగి పెట్టుకున్నాను. అక్కడ పాస్‌వర్డ్ కొట్టడానికి తెర మీద బొమ్మల అంకెలున్నాయని తర్వాత తెలిసింది. నా ఫోన్‌కి ఆ బొమ్మలు చదవడం రాదు. వేలు ఎక్కడ పెట్టినా "బటన్" అంటుంది. పక్కన పెడితే "బటన్". కింద పెడితే "బటన్". వెతుక్కుంటుంటే సమయం అయిపోయిందని బయటికి తోసేసింది. మళ్లీ మొదట్నుంచి. మళ్లీ బటన్, బటన్. డెబిట్ కార్డు చూద్దామంటే, ఆ జాబితాలో మా బ్యాంకు లేదు. యూపీఐ నొక్కితే స్కాన్ చేయాల్సిన గళ్ల బొమ్మ వచ్చింది. దాన్ని స్కాన్ చేయడానికి ఇంకో ఫోన్ కావాలి. నాకున్నది ఒక్కటే.

గుమ్మం దగ్గర మా మరిది దగ్గాడు. ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో.

"వదినా, ఒక్క నిమిషం ఇటివ్వండి."

"మీ అన్నం చల్లారిపోతోంది. వెళ్లి తినండి."

ఆయన వెళ్లాక నాకు ఏడుపొచ్చిన మాట నిజం. కానీ ఏడుస్తూనే ఒకటి గుర్తొచ్చింది. ఇంకో దారి ఉంది కదా. వెనక్కి వెళ్లి, బ్యాంకు కౌంటర్ అని ఉన్నదాన్ని ఎంచుకుని, మా బ్యాంకు పేరు పెట్టాను. చలానా తయారైంది. ఫోన్లో దాచుకున్నాను. కడుక్కున్న మొహంతో వెళ్లి చెల్లెలితో, "రేపు పొద్దున్న నేను అబిడ్స్ వెళ్తున్నాను. ఒక్కదాన్నే," అని చెప్పాను.

"ఒక్కదానివి ఆఫీసుకి వెళ్లలేదేంటి ఇన్నేళ్లు, వెళ్లు," అంది అది. నా చెల్లెలు నాకు నచ్చేది ఇందుకే.

పొద్దున్నే చేతికర్ర పుచ్చుకుని బయల్దేరాను. దర్గా వైపు నుంచి గులాబీల వాసన, అగరొత్తుల వాసన వస్తోంది. మెట్రో పైన దడదడమని పోతోంది. ఆటో అతను "ఏడికమ్మా?" అన్నాడు. అబిడ్స్ పోస్టాఫీసు అన్నాను. దింపేటప్పుడు, "ఎవలన్న వస్తున్నరా నీ కోసం?" అని అడిగాడు.

"ఎవరూ రారు. జిరాక్స్ షాపు ఎటువైపో చెప్పు, చాలు."

"గీడనే, ఎడమ దిక్కు. జర మెట్టు ఉన్నది, జాగ్రత్త."

జిరాక్స్ షాపు నడిపేది ఒక ఆడమనిషి. మెషీను వేడి వాసన, కాగితాల వాసన. ఫోన్లోంచి చలానా ఆమెకి పంపించాను. ప్రింటు తీసి, గట్టిగా చదవబోయింది.

"అమ్మా, మెల్లగా. నా పాన్ నంబరు అబిడ్స్ మొత్తానికి వద్దు."

ఆమె పకపకా నవ్వింది. గొంతు తగ్గించి మొత్తం చదివింది. నేను ఇంట్లో విన్న వివరాలతో సరిపోయాయి. తర్వాత నా చెక్కు తీసిచ్చాను. సంతకం ఒక్కటి తప్ప, చలానాలో ఎవరి పేరున రాయమన్నారో అలాగే రాసిపెట్టమన్నాను.

రాస్తూ రాస్తూ ఆగింది. "ఇది పన్ను పైసలా? నువ్వు పన్ను గడ్తవా అమ్మా?"

"ఔను."

"గంతగనం సంపాయిస్తున్నవా!" అంది. ఆ గొంతులో అసూయ లేదు. తన ఇంటి ఆడపిల్ల సంగతి విన్నట్టు పొంగిపోయింది. "ఆగు, నాకు గూడ గట్ల గట్టే రోజు రావాలె. అప్పుడు నువ్వే నేర్పియ్యి." ప్రింటు పైసలు తీసుకోనంటే బలవంతాన చేతిలో పెట్టాను.

బ్యాంకు అక్కడికి రెండు దుకాణాల అవతల. లోపల ఏసీ చల్లదనం, టోకెన్ మెషీను పాట. నా వంతు వచ్చాక కౌంటర్ అద్దం కింది నుంచి చలానా, చెక్కు లోపలికి జరిపాను.

"తోడుగా ఎవరూ రాలేదా మేడం?" అన్నాడు గుమస్తా. కుర్రగొంతు.

"రాలేదు."

"చెక్కు మీద సంతకం లేదు."

"మీ ఎదురుగా చేద్దామని ఆపాను."

కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. "చూపు లేనివాళ్లు వేలిముద్ర వేయాలి మేడం. ఇద్దరు సాక్షులు కావాలి. ఇంట్లో ఎవర్నైనా పిలవండి."

వేలిముద్ర.

ఉద్యోగంలో చేరిన మొదటి నెల జీతం తీసుకునేటప్పుడు కూడా క్యాషియర్ నా బొటనవేలు పట్టుకుని సిరా దిండు మీద ఒత్తాడు. అడగను కూడా అడగలేదు. సిరా అంటిన వేలితో ఇంటికి వెళ్తే మా నాన్న చూశాడు. ఆయన రాష్ట్రం ఏర్పడిన కొత్తలో గుంటూరు నుంచి వచ్చి, సచివాలయంలో గుమస్తాగా చేరినవాడు. కాగితం అంటే ఆయనకి భక్తి. "నా కూతురు పదో తరగతి ఫస్టు క్లాసులో ప్యాసైంది. దానికి వేలిముద్రేంటి?" అని ఇల్లంతా తిరిగాడు. ఆ ఆదివారం ఒక అట్టముక్క మీద జిగురుతో నా పొడి అక్షరాలు, ఇంటిపేరు రాసి, ఎండలో ఆరబెట్టాడు. జిగురు గట్టిపడి గట్లలా లేచింది. ఆ గట్ల మీద రోజూ వేలు తిప్పాను. తర్వాత పెన్ను తిప్పాను. తర్వాత గట్లు లేకుండా తిప్పాను. రెండో నెల జీతం రోజున క్యాషియర్ నా చెయ్యి పట్టుకోబోతే వెనక్కి తీసుకుని, "పెన్ను ఇవ్వండి," అన్నాను. ఆనాటి నుంచి రిటైరయ్యేదాకా ఒక్కసారి కూడా వేలిముద్ర వేయలేదు.

"నా ఖాతాలో నా సంతకమే ఉంది. చూడండి," అన్నాను గుమస్తాతో.

"ఉండచ్చు మేడం. కానీ రిస్కు. రేపు ఏదైనా అయితే నా మీదికి వస్తుంది. మీ మంచికే చెబుతున్నాను."

నా వెనక వరుసలో కదలిక మొదలైంది. ఎవరో గడియారం చూసుకుని నిట్టూర్చారు. పక్కకి తప్పుకుంటే అందరికీ హాయి. మా మరిదికి ఫోన్ చేస్తే వెంటనే వచ్చేస్తాడు. కానీ నా కాళ్లు అక్కడే పాతుకుపోయాయి. స్విచ్‌బోర్డు ముందు కూర్చుని, అరిచే అధికారులతో మాట్లాడటానికి దాచుకున్న గొంతొకటి ఉండేది నాకు. మెత్తగా ఉంటుంది, వంగదు. దాన్ని బయటికి తీశాను.

"సరే బాబూ. ఒక కాగితం మీద రాసివ్వు. 'ఈమె పన్ను కట్టడానికి వచ్చింది, ఖాతాలో డబ్బుంది, సంతకం చేస్తానంది, చూపు లేదు కాబట్టి మేము తీసుకోలేదు' అని. కింద నీ పేరు రాసి బ్యాంకు ముద్ర వెయ్యి. పన్ను ఆలస్యమైందని పన్నుల శాఖవాళ్లడిగితే నేను అదే చూపిస్తాను."

వెనక నుంచి ఒక ముసలాయన గొంతు, "సహీ బాత్ హై! లిఖ్‌కే దేవ్ మియాఁ!" అంటూ, నిజమే కదా, రాసివ్వమంది. నిట్టూర్చినవాళ్లే ఇప్పుడు నవ్వారు. ఆ నవ్వు నా మీద కాదని నాకు తెలుసు. నవ్వు ఎటు వైపు పోతోందో నాకు వినపడుతుంది.

ఎత్తుమడమల చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది. "నమస్తే అండీ. నేను ఇక్కడ ఆఫీసర్‌ని. మీరు ఇటు కూర్చుని మాట్లాడతారా? కుర్చీ మీ కుడి చేతి పక్కనే ఉంది," అంది ఒకావిడ. మొదటి మాట నుంచీ నాతోనే మాట్లాడింది. నా చెయ్యి పట్టి లాగలేదు. ఆ రెండు సంగతులతోనే పని అయిపోయిందని నాకు అర్థమైంది.

కంప్యూటర్లో నా సంతకం తెరిచింది. "బాగా తెలుస్తోందండీ. చేయండి."

సంచీలోంచి నా సంతకం కార్డు తీశాను. పాత ప్లాస్టిక్ కార్డులో సన్నటి కిటికీలా కోసి పెట్టుకున్నాను, గీత దాటకుండా ఉండటానికి. చెక్కు మీద సంతకం చేసే చోట ఆమె ఆ కార్డు కిటికీ ఆనించింది. ఊపిరి బిగబట్టి, నా పొడి అక్షరాలు, ఇంటిపేరు, చివర్న కిందికి దిగే తోక, అన్నీ ఒక్క ఊపులో రాసేశాను.

"ఏమీ అనుకోకపోతే, తెల్లకాగితం మీద ఇంకోసారి?" అందావిడ.

"పది సార్లు చేయమన్నా చేస్తాను."

అక్కర్లేకపోయింది. రెండో సంతకం చూసి, "ఆ తోక కూడా మారలేదు," అని నవ్వింది. లేచి వెళ్లి గుమస్తాతో చిన్నగా, కటువుగా కాకుండా చెప్పింది. "ఖాతాదారు సంతకం చేయగలిగితే సంతకమే తీసుకోవాలి. వేలిముద్ర మనం అడగకూడదు. ఈ చెక్కు తీసుకోండి."

నేను మళ్లీ కౌంటర్ దగ్గరికి వచ్చాను. వరుసలో వాళ్లు నాకు దారి ఇచ్చారు. కీబోర్డు టకటకలాడింది. తర్వాత దభీమని ముద్ర పడింది. నా జీవితంలో అంత తియ్యటి చప్పుడు విన్న గుర్తు లేదు. చలానాలో నా భాగం చించి ఇస్తూ గుమస్తా, "సారీ మేడం. నేను కొత్తగా చేరాను. నాకు అలాగే చెప్పారు," అన్నాడు.

"నాలాగా ఇంకొకరు వస్తే ఏం చేస్తావు?"

"పెన్ను ఇస్తాను మేడం."

మెట్లు దిగేలోపే ఫోన్ మోగింది. ఖాతాలోంచి డబ్బు వెళ్లిందని చదివి వినిపించింది. రోడ్డు మీద నిలబడి ఆ మెసేజీని మళ్లీ చదివించుకున్నాను. పక్కన బట్టలమ్మేవాడు అరుస్తున్నాడు, బస్సులు హారన్లు కొడుతున్నాయి. నాకు అబిడ్స్ మొత్తం నాకోసమే డప్పులు వాయిస్తున్నట్టుంది.

ఇరానీ హోటల్ ఎక్కడుందో వాసనే చెప్పింది. నేను ఎప్పుడూ ఒంటరిగా హోటల్లో కూర్చోలేదు. వెళ్లి కూర్చుని చాయ్, ఉస్మానియా బిస్కట్లు చెప్పాను. చాయ్‌లో ముంచి, మెత్తబడ్డ బిస్కట్ నోట్లో పెట్టుకుంటుంటే నాకు నేనే ఏదో పెద్ద అధికారిలా అనిపించాను.

అక్కడి నుంచి తిన్నగా ఆడిటర్ మేడ ఎక్కాను.

"రండి మేడం, కూర్చోండి. సార్ రాలేదా?"

"సార్‌కి ఆఫీసుంది. ఇదిగో రసీదు."

ఆయన వెబ్‌సైటులో చూసి, డబ్బు అందినట్టు కనిపిస్తోందన్నాడు. రిటర్ను వేయడానికి పాస్‌వర్డ్ కావాలన్నాడు. "మీ మరిదిగారికి ఫోన్ చేసి అడగమంటారా?"

"అక్కర్లేదు. నిన్న రాత్రే ఓటీపీతో మార్చేశాను. కీబోర్డు ఇటు జరపండి, నేను కొడతాను."

కొట్టాను. ఓటీపీ వస్తే ఫోన్ చెవికి ఆనించి విని, అదీ నేనే కొట్టాను. రిటర్ను వెళ్లింది. ఆడిటర్ "కంగ్రాచ్యులేషన్స్ మేడం" అన్నాడు. రిటర్ను వేసినందుకు ఆయన ఇంకెవరికైనా అలా చెప్పి ఉంటాడని నేననుకోను.

ఇంటికొచ్చేసరికి మా మరిది వరండాలో ఉన్నాడు. పాస్‌వర్డ్ మార్చిన సంగతి ఆయనకి ఎలాగో తెలిసింది. బహుశా నా తరఫున ఏదో చూద్దామని ప్రయత్నించి ఉంటాడు.

"నేనేమైనా తప్పు చేశానా వదినా?"

ఆ గొంతులో నిజంగా నొప్పి ఉంది. పక్కన కూర్చున్నాను.

"మీరు తప్పు చేయలేదు. ఇన్నేళ్లు నా పనులు చేశారు, ఒక్క పైసా అటూ ఇటూ కాలేదు. కానీ నా డబ్బు గురించి ఎవరైనా అడిగితే మీ వైపు తిరిగి అడుగుతున్నారు. అది నాకు నచ్చలేదు. నావి నాకు తెలిసి ఉండాలి."

"నాకు తట్టలేదండీ," అన్నాడాయన. ఇంకాసేపటికి, "ఆ ఆడిటర్ నన్నడిగినప్పుడు, 'ఆవిణ్ణే అడగండి' అని నేనే అని ఉండాల్సింది," అన్నాడు.

ఈలోపు మా చెల్లెలు గరిటె చేత్తోనే బయటికొచ్చింది. "ముందు బ్యాంకులో ఏం జరిగిందో చెప్పవే అక్కా. మొదట్నుంచి." చెప్పాను. ముసలాయన మాట దగ్గర మా మరిది తొడ చరిచి నవ్వాడు. ఆ వాక్యం నాచేత మళ్లీ చెప్పించుకున్నాడు.

ఆ తర్వాత నేను ఆఫీసరమ్మని కలిసి, నెట్‌బ్యాంకింగ్ బొమ్మల అంకెల కష్టం చెప్పాను. ఫోన్ చదవగలిగే వేరే యాప్ ఉందని ఆవిడ దగ్గరుండి పెట్టించింది. నాకు ఫీజుల ఆదాయం ఉంది కాబట్టి ఏడాది మధ్యలోనే ముందస్తు పన్ను కట్టాలని ఆడిటర్ చెప్పాడు. మొన్న డాబా మీద ఎండలో కూర్చుని, ఆ యాప్‌తో అది కట్టాను. పక్కన చెల్లెలు బట్టలు ఆరేస్తోంది.

"ఏం చేస్తున్నావే ఇందాకట్నుంచి?" అంది.

"పన్ను కట్టేశాను."

"అప్పుడేనా? ఈ దుప్పటి ఇంకా దులపనేలేదు, ఆ కొస పట్టుకో," అంది. లేచి పట్టుకున్నాను.